పసి సూర్యుళ్ల పెంకితనం

పుట్టి రెండు కోట్ల ఏళ్లు దాటిందో లేదో, చుట్టూ గ్రహాలు చేరాయి. వాటి మీద గాలి నిలుస్తుందా, ఎగిరిపోతుందా? తేల్చేది ఆ పసి తార కోపమే. ఆ కోపాన్ని కాపు కాసి చూసే పనికీ, బేగంపేటలోని ఓ పాత గుమ్మటానికీ దూరపు చుట్టరికం ఉంది.

దసరా రోజులు. రాత్రి ఎనిమిది గంటలు. కింద వీధిలో బతుకమ్మ పాటలు. మారేడుపల్లిలోనో పద్మారావునగర్‌లోనో ఓ డాబా ఎక్కి దక్షిణం వైపు తిరిగి నిలబడితే ఎదురుగా కనిపించేది హైదరాబాద్ వెలుగు. హుస్సేన్‌సాగర్ మీదుగా పైకి లేచి, పొగలా పరుచుకున్న వెలుతురు. దానికి కాస్త పైన, నేలకూ నడినెత్తికీ మధ్య సగం కన్నా కొంచెం దిగువన ఓ చుక్క ఉంది. మామూలు కంటికి ఆనదు. కన్ను చూడగలిగిన అతి మసక చుక్క కన్నా పది రెట్లకు పైగా మసక. నాలుగంగుళాల టెలిస్కోపు పెడితే మాత్రం ఎర్రగా, బుద్ధిమంతురాలిలా కనిపిస్తుంది.

ఆ బుద్ధి పైపైదే!

పేరు ఏయూ మైక్రోస్కోపీ. పరిశోధకులు ముద్దుగా ఏయూ మైక్ అంటారు. మనకు 32 కాంతి సంవత్సరాల దూరం. బరువు సూర్యుడిలో సగం. వయసు రెండు కోట్ల ఇరవై లక్షల ఏళ్లు. రెండు కోట్లంటే మాటలా అనిపిస్తుంది గానీ, తారల లెక్కలో అదసలు వయసే కాదు. 460 కోట్ల ఏళ్ల మన సూర్యుణ్ని నలభై ఆరేళ్ల గృహస్థు అనుకుంటే, ఏయూ మైక్ ఇంకా మూడో నెల నిండని పసిగుడ్డు. పసిగుడ్డు కదా, కుదురుండదు. మన సూర్యుడు తన చుట్టూ తాను ఒకసారి తిరగడానికి సుమారు 27 రోజులు తీసుకుంటే, ఇది ఐదు రోజుల్లోపే గిర్రున తిరిగేస్తుంది. ఒళ్లంతా మచ్చలు. ఉన్నట్టుండి భగ్గుమంటుంది. ఆ భగ్గుమనడాన్నే శాస్త్రవేత్తలు నక్షత్ర జ్వాల అంటారు.

ఒంటరి తారయితే దాని కోపం దాని ఇష్టం అనుకోవచ్చు. కానీ ఏయూ మైక్ ఇంట్లో పిల్లలున్నారు. 2018లో అమెరికా పంపిన టెస్ అనే అంతరిక్ష టెలిస్కోపు దీన్ని వారాల తరబడి చూసింది. ఆ వెలుగు ఉండుండి ఒక్క పిసరు తగ్గుతోందని తేలింది. తార ముందు నుంచి ఏదో అడ్డం వెళుతోంది! అది నెప్ట్యూన్ అంత గ్రహమని 2020 జూన్‌లో ప్రకటించారు. దాని సంవత్సరం ఎనిమిదిన్నర రోజులు. తర్వాత దాదాపు 19 రోజుల సంవత్సరం ఉన్న రెండో గ్రహం కూడా బయటపడింది. మన బుధుడికి సూర్యుడి చుట్టూ తిరగడానికి 88 రోజులు పడుతుంది. అంటే ఈ రెండూ పొయ్యి పక్కనే కూర్చున్నాయన్నమాట. ఆ పొయ్యి ఎప్పుడు ఎగదన్నుతుందో తెలియదు.

మెలిపడి తెగే తీగలు

పిల్లలు రబ్బరు బ్యాండును రెండు వేళ్ల మధ్య మెలితిప్పుతూ పోతారు. ఒకచోట ఫట్‌మంటుంది. నక్షత్ర జ్వాల పుట్టుక అలాంటిదే. తార లోపల కుతకుతలాడే వాయువులు అయస్కాంత క్షేత్రాన్ని తమతోపాటు లాగి మెలితిప్పుతుంటాయి. తార ఎంత వేగంగా తిరిగితే మెలిక అంత బిగుస్తుంది. బిగిసి బిగిసి ఒకచోట ఆ క్షేత్రపు రేఖలు తెగి, మళ్లీ వేరేగా అతుక్కుంటాయి. అంతదాకా కూడబెట్టిన శక్తంతా నిమిషాల్లో బయటపడుతుంది. వెలుగు, అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు, విద్యుదావేశంతో దూసుకొచ్చే కణాలు... అన్నీ కలిసి ఒక్కసారి.

మన సూర్యుడూ ఈ పని చేస్తాడు. 1859 సెప్టెంబరు 1న ఇంగ్లండులో రిచర్డ్ క్యారింగ్టన్ సూర్యుడి మచ్చలు గీసుకుంటుండగా వాటి మధ్య తెల్లటి మెరుపు కనిపించింది. సౌరజ్వాలను మనిషి చూడటం అదే మొదలు. ఆ మర్నాటికల్లా ప్రపంచంలో చాలాచోట్ల టెలిగ్రాఫ్ తీగలు అల్లకల్లోలమయ్యాయి. అంత దూరం పోనక్కర్లేదు. 2024 మే 10 రాత్రి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది. సూర్యుడి నుంచి వరసగా వచ్చి పడ్డ తుఫాను చలవే అది. నడివయసు సూర్యుడి కోపమే ఇట్లుంటే పసివాడి సంగతి చెప్పాలా!

మరి నడివయసు వచ్చాక పూర్తిగా నెమ్మదిస్తాయా? 2012లో జపాన్ శాస్త్రవేత్తలు కెప్లర్ టెలిస్కోపు తీసిన 83 వేల సూర్యుడిలాంటి తారల లెక్కలు తిరగేశారు. 120 రోజుల్లో 365 మహాజ్వాలలు దొరికాయి. మన సూర్యుడి అతిపెద్ద జ్వాలల కన్నా అవి పది నుంచి పదివేల రెట్లు పెద్దవి. 2024 డిసెంబరులో వచ్చిన మరో పరిశోధన 56 వేలకు పైగా తారలను చూసి, సూర్యుడిలాంటి వాటిలో సుమారు వందేళ్లకోసారి మహాజ్వాల లేస్తోందని తేల్చింది. ఆ తారలన్నీ అచ్చంగా మన సూర్యుడిలాంటివేనా అనే వాదన ఇంకా నడుస్తోంది. కాబట్టి ఇప్పుడే బెంగ పెట్టుకోనక్కర్లేదు.

గాలి మిగిలేనా?

ఇంతకీ ఈ జ్వాలల మీద అంత పట్టుదల ఎందుకు? వేరే సూర్యుళ్ల చుట్టూ తిరిగే గ్రహాలు ఆరువేల దాకా దొరికాయి. వాటిలో గాలి ఉన్నవెన్ని, నీరు నిలిచేవెన్ని అన్నది ఇప్పటి ప్రశ్న. గ్రహానికి గాలి ఉండటమన్నది పుట్టుకతో వచ్చే ఆస్తి. ఆ ఆస్తిని మొదటి కొన్ని కోట్ల ఏళ్లలోనే తార దోచేస్తుందా, కొంతైనా మిగులుస్తుందా అన్నదాన్ని బట్టే ఆ గ్రహం జాతకం తేలుతుంది. మన అంగారకుడు చాలా గాలి పోగొట్టుకున్నాడు. పోగొట్టినవాడు సూర్యుడే. అక్కడ తిరుగుతున్న మావెన్ ఉపగ్రహం ఆ గాలి ఇప్పటికీ కొద్దికొద్దిగా జారిపోవడాన్ని 2014 నుంచి కొలుస్తూ వచ్చింది.

ఏయూ మైక్ దగ్గర ఈ దోపిడీని హబుల్ టెలిస్కోపు నేరుగా చూసింది. లోపలి గ్రహం తార ముందుకు వచ్చినప్పుడు దాని నుంచి హైడ్రోజన్ ఎగిరిపోతోందేమోనని రెండుసార్లు కాపు కాశారు. మొదటిసారి ఏమీ కనిపించలేదు. రెండోసారి హైడ్రోజన్ మబ్బు గ్రహం కన్నా ముందే పరిగెత్తుతూ కనిపించింది! 2023లో ఈ ఫలితం వెలువడినప్పుడు పరిశోధకులే ఆశ్చర్యపోయారు. ఒకే గ్రహం, ఒకే తార, ఇంత తేడా ఎందుకు? తార నుంచి వీచే గాలి, లేచే జ్వాల ఆ మబ్బు ఆకారాన్ని మార్చేస్తుండవచ్చని అనుమానం.

మనకు అతి దగ్గరి తార ప్రాక్సిమా సెంటారీది ఇంకో కథ. అది పసిది కాదు, సూర్యుడి ఈడుదే. అయినా కోపం తగ్గని ముసలి. ఎర్ర మరుగుజ్జు తారలకు ఆ జబ్బు ఉంది. సూర్యుడిలాంటివి పెద్దయ్యాక నెమ్మదిస్తే, ఇవి వందల కోట్ల ఏళ్లు చిరచిరలాడుతూనే ఉంటాయి. 2016 ఆగస్టులో దాని చుట్టూ భూమి కన్నా కాస్త పెద్ద గ్రహం ఉందని, అదీ నీరు నిలవగల దూరంలోనే ఉందని తెలిసి ప్రపంచమంతా పండగ చేసుకుంది. అదే ఏడాది మార్చిలో చిలీలోని చిన్న కెమెరాల బారుకు ఆ తార జ్వాల ఒకటి చిక్కింది. మామూలు వెలుగు కన్నా 68 రెట్లు! చీకటి ఆకాశం ఉన్నచోట నిలబడి సరిగ్గా ఆ వైపే చూసి ఉంటే కాసేపు కంటికి కనిపించేది. 2019 మే 1న వచ్చిన ఇంకో జ్వాల ఏడంటే ఏడు సెకన్లే ఉంది. అతినీలలోహిత వెలుగు 14 వేల రెట్లు పెరిగింది. ఆ ఏడు సెకన్లలో మీరు కళ్లజోడు తుడుచుకుంటుంటే అంతే సంగతులు.

మన దేశపు ఆస్ట్రోశాట్ కూడా ఈ తారను వదల్లేదు. 2015 సెప్టెంబరులో శ్రీహరికోట నుంచి ఎగిరిన ఈ ఉపగ్రహం ఒకేసారి అతినీలలోహితంలోనూ ఎక్స్ కిరణాల్లోనూ చూడగలదు. 2017లో హబుల్, చంద్ర టెలిస్కోపులతో కలిసి ప్రాక్సిమా మీద కాపు కాసింది.

బేగంపేట గాజు పలకలు

అన్నీ అమెరికా, చిలీ కబుర్లేనా, మనకేమైనా సంబంధం ఉందా అంటే ఉంది. అమీర్‌పేట నుంచి సికింద్రాబాద్ వైపు వెళ్లే బస్సుల్లో రోజూ వేలమంది బేగంపేట దాటుతుంటారు. మలేరియా గుట్టు దోమ కడుపులో పట్టుకున్న రొనాల్డ్ రాస్ 1897లో పనిచేసిన ఇల్లు అక్కడుందని కొంతమందికైనా తెలుసు. కానీ, దానికి ఆట్టే దూరం లేని నిజామియా వేధశాల గురించి తెలిసినవాళ్లు బహుతక్కువ.

నవాబ్ జఫర్ జంగ్‌కు నక్షత్రాల పిచ్చి. 1901లో ఇంగ్లండు నుంచి 15 అంగుళాల టెలిస్కోపు తెప్పించి, ఫిసల్‌బండలోని తన ఎస్టేటులో వేధశాల పెట్టాడు. ఆయన పోయాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. సరిగ్గా అప్పుడే ఓ పెద్ద పని వచ్చి ఒళ్లో పడింది. 1887లో పారిస్‌లో ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తలు కూర్చుని ఆకాశం మొత్తాన్ని గాజు పలకల మీద ఫొటోలు తీయాలని తీర్మానించారు. ఆకాశాన్ని అడ్డపట్టీలుగా కోసి ఒక్కో వేధశాలకు ఒక్కో పట్టీ పంచారు. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకు వచ్చింది. వాళ్ల వల్ల కాలేదు. దాంతో ఆ పని హైదరాబాద్‌కు దక్కింది.

ఆర్థర్ చాట్‌వుడ్, పొకాక్, ఆ తర్వాత తొలి భారతీయ డైరెక్టర్ టి.పి.భాస్కరన్. వీళ్ల కాలంలో 8 అంగుళాల కెమెరా టెలిస్కోపు రాత్రుళ్లు పలకలు తీస్తే, పగళ్లు ఉద్యోగులు సూక్ష్మదర్శిని కింద పలక పెట్టుకుని చుక్క చుక్కకూ స్థానం కొలిచి రాశారు. కంప్యూటర్లు లేవు. లెక్కలన్నీ చేత్తోనే. 12 సంపుటాలు అచ్చయ్యాయి. ఏడున్నర లక్షలకు పైగా తారల స్థానాలు. ఉద్యోగం పేరుతో చేసిన తపస్సు అది!

ఆ సంపుటాలకూ పసి తారలకూ ఏమిటి సంబంధం? నక్షత్రానికి జనన ధ్రువపత్రం ఉండదు. వయసు తెలుసుకోవడానికి ఓ దారి, దాని బంధువర్గాన్ని పట్టుకోవడం. సికింద్రాబాద్ స్టేషన్లో పదో నంబరు ప్లాట్‌ఫారం మీద జనం ఎటుపడితే అటు పోతుంటారు. వాళ్లలో ఓ ముప్ఫైమంది మాత్రం ఒకే దిక్కుకు, ఒకే నడకతో, సామాన్లు పంచుకుని వెళుతుంటే? ఏదో పెళ్లివారు, ఒకే ఊరి నుంచి బయల్దేరారు అనుకుంటాం. తారలూ అంతే. ఒకే మబ్బులో పుట్టినవి చెల్లాచెదురైనా ఒకే దిక్కుకు పోతుంటాయి. కానీ, తారల నడక ఎంత నెమ్మది అంటే, తేడా తెలియాలంటే వందేళ్ల నాటి స్థానం కావాలి. అది ఉన్నది ఆ గాజు పలకల మీదే.

2000 సంవత్సరంలో 25 లక్షల తారల నడకను చెప్పే టైకో-2 పట్టిక వచ్చింది. యూరప్ ఉపగ్రహం హిప్పార్కస్ కొలిచిన స్థానాలను, శతాబ్దం కిందటి పలకల స్థానాలతో పోల్చి తయారు చేసిందది. ఆ పలకల్లో బేగంపేట పట్టీ ఒకటి. ఇలాంటి కొలతలతోనే మన చుట్టుపక్కల తిరుగుతున్న పసి తారల గుంపులను ఒక్కొక్కటిగా గుర్తుపట్టారు. ఏయూ మైక్ కూడా అలా ఓ గుంపు మనిషే. బీటా పిక్టోరిస్ అనే ప్రసిద్ధ తారకు తోబుట్టువు. ఇద్దరి వయసూ ఒకటే. ఉన్నది ఉన్నట్టు చెప్పుకోవాలి కాబట్టి, ఏయూ మైక్ ఆకాశంలో ఇంకాస్త దక్షిణాన ఉంది. హైదరాబాద్ వాటాలోది కాదు.

వాటాలో ఉన్నవేమీ తక్కువవి కావు. వృశ్చిక రాశిలో అనూరాధ నక్షత్రం తెలుసుగా? అక్కడ వరసగా కనిపించే పెద్ద చుక్కల్లో రెండు ఈ పట్టీలోవే. చుట్టూ ఉన్న ప్రాంతం మనకు దగ్గర్లోని అతి పెద్ద తారల పురిటిగదుల్లో ఒకటి. వయసు కోటి ఏళ్లు. ఆ పట్టీలోనే కె2-33 అనే పసి తార ఉంది. అప్పట్లో బేగంపేట పలకలకు అందనంత మసక చుక్క. 2016లో దాని చుట్టూ ఐదున్నర రోజులకోసారి తిరిగే నెప్ట్యూన్ అంత గ్రహం దొరికింది. మనకు తెలిసిన అతి చిన్న వయసు గ్రహాల్లో అదొకటి.

ఇంకో తమాషా కూడా ఉంది. జ్వాలలు చిమ్మే తారలన్నింటికీ కలిపి శాస్త్రవేత్తలు పెట్టుకున్న ఇంటిపేరు యూవీ సెటి తారలు. ఆ అసలు యూవీ సెటి ఉన్నదీ హైదరాబాద్ పట్టీలోనే! పలకల పని 11వ తరగతి కాంతి దాకా. ఇదేమో 13వ తరగతి. లెక్కకు అందని గడుగ్గాయి. 1948లో అమెరికాలో దాని జ్వాల బయటపడింది. 1952లో ఇరవై సెకన్లలో 75 రెట్లు వెలిగింది. అంతకు ముందు 1924లో ఇలాంటి జ్వాలే ఇంకో తార మీద కనిపిస్తే హెర్ట్స్‌ప్రంగ్ అంతటివాడు ఏ గ్రహశకలమో వెళ్లి తార మీద పడి ఉంటుందనుకున్నాడు. తారకు కోపం రావచ్చన్న ఊహే లేని రోజులవి.

బప్పు చూసిన గీత

బేగంపేట వేధశాలలో బప్పు అనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కొడుకు 1927లో పుట్టాడు. టెలిస్కోపుల మధ్యే పెరిగాడు. నిజాం కాలేజీలో చదువుతూనే వెలుగు మారే తారలను రాత్రుళ్లు పరిశీలించేవాడు. హైదరాబాద్ ప్రభుత్వం ఇచ్చిన ఉపకార వేతనంతో 1949లో హార్వర్డ్ చేరాడు. వెళ్లిన కొన్ని నెలలకే ఓ తోకచుక్కను కనిపెట్టాడు. ఆయనే ఎం.కె.వేణు బప్పు. భారతీయ ఖగోళ భౌతిక శాస్త్రానికి ఇల్లు కట్టిన మనిషి.

1957లో బప్పు, ఓలిన్ విల్సన్ కలిసి ఓ విచిత్రం ప్రకటించారు. తార వెలుగును వర్ణపటంగా విడదీస్తే కాల్షియం దగ్గర ఓ నల్లటి గీత కనిపిస్తుంది. సూర్యుడిలాంటి తారల్లో, అంతకన్నా చల్లటి వాటిలో ఆ నల్ల గీత నడుమ సన్నటి వెలుగు గీత ఉంటుంది. దాని వెడల్పును బట్టి తార అసలు కాంతి ఎంతో చెప్పేయవచ్చన్నారు. తార ఎంత దూరంలో ఉందో కొలవడానికి అదో కొత్త కొలబద్ద అయింది. విల్సన్-బప్పు ప్రభావం అని పుస్తకాల్లో చదువుకునేది దీన్నే.

ఆ వెలుగు గీత పుట్టేది తార పైపొరలో, అయస్కాంతపు అల్లరి వల్ల. అందుకే దాని వెడల్పు కాంతిని చెబితే, దాని బలం తార ఎంత చురుగ్గా ఉందో చెబుతుంది. 1966 నుంచి విల్సన్ ఏళ్ల తరబడి ఈ గీత హెచ్చుతగ్గులు చూస్తూ, మన సూర్యుడి పదకొండేళ్ల చక్రంలాంటివే ఇతర తారలకూ ఉన్నాయని చూపించాడు. ఈరోజు కొత్త గ్రహం దొరికిందని ఎవరైనా అంటే, పక్కవాళ్లు అడిగే మొదటి ప్రశ్నల్లో ఒకటి ఆ కాల్షియం గీత ఏమంటోంది అని. ఎందుకంటే చురుకైన తార గ్రహం లేకుండానే గ్రహం ఉన్నట్టు నాటకమాడగలదు.

సింహ రాశిలోని ఏడీ లియోనిస్ అలాగే చేసింది. పేరుమోసిన జ్వాలా తార. దాని చుట్టూ రెండు రోజుల్లో తిరిగే పెద్ద గ్రహం ఉండవచ్చని 2018లో ఓ బృందం చెప్పింది. తార తన చుట్టూ తాను తిరిగేదీ దాదాపు ఆ రెండు రోజుల్లోనే! తర్వాతి పరిశీలనల్లో తేలిందేమిటంటే, అది గ్రహం కాదు, తార ఒంటి మీది మచ్చలు. తప్పు చేశారని నవ్వుకోవాల్సిన పని లేదు. పసి తారల దగ్గర అందరికీ ఎదురయ్యే ఉచ్చు అది.

వెలుగే శత్రువు

బేగంపేటకు విమానాలొచ్చాయి, వీధి దీపాలొచ్చాయి, ఊరు పెరిగింది. చుక్కలు వెనక్కి తగ్గాయి. వేధశాలను 1919 నుంచి చూసుకుంటున్న ఉస్మానియా విశ్వవిద్యాలయం ఊరికి దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో జపాల్, రంగాపూర్ గ్రామాల మధ్య గుట్ట చూసుకుంది. 1968లో అక్కడ 48 అంగుళాల టెలిస్కోపు పెట్టారు. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా ఆ గుట్ట మీదుగా పోయింది. దేశదేశాల శాస్త్రవేత్తలు అక్కడ దిగారు. ఆ టెలిస్కోపుతో ఉస్మానియా వాళ్లు ఎక్కువగా చూసింది ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట తారలను. అందులో ఒళ్లంతా మచ్చలు పడి, జ్వాలలు చిమ్మే తరహావీ ఉన్నాయి. వెలుగును విద్యుత్తుగా మార్చే కాంతిమాపకం, రాత్రి పొడవునా కదిలే గీతలు, తెల్లారాక లెక్కలు. ఆ తర్వాత ఊరు అటు కూడా పాకింది. అది వేరే కథ.

జ్వాలను పట్టుకోవడంలో అసలు కష్టం పెద్ద టెలిస్కోపు లేకపోవడం కాదు. అది ఎప్పుడొస్తుందో తెలియకపోవడం. గ్రహణానికి పంచాంగం ఉంది, జ్వాలకు లేదు. పెద్ద టెలిస్కోపుల మీద ఒక రాత్రి దొరకడమే గగనం. అలాంటప్పుడు రాదో ఏమో తెలియని జ్వాల కోసం పది రాత్రులు ఎవరిస్తారు? అందుకే ఈ రంగంలో చిన్న టెలిస్కోపులకు మర్యాద ఉంది.

పద్ధతి వినడానికి తేలిక. ఒకే చట్రంలో జ్వాలా తార, పక్కనే నిలకడైన రెండు మూడు తారలు వచ్చేలా కెమెరా బిగించాలి. పది సెకన్లకో ఫొటో చొప్పున గంటల తరబడి తీస్తూ పోవాలి. తర్వాత కంప్యూటర్ మీద జ్వాలా తార వెలుగును పక్కవాటితో పోల్చాలి. మబ్బు అడ్డొస్తే అన్నీ కలిసి తగ్గుతాయి. జ్వాల వస్తే అదొక్కటే పెరుగుతుంది. అగ్గిపుల్ల గీసినప్పుడు భగ్గుమని లేచి మెల్లగా సద్దుమణుగుతుందే, గ్రాఫులో గీత కూడా అచ్చం అలాగే నిటారుగా ఎక్కి, నిదానంగా దిగుతుంది. ఎక్కడం దిగడం సమానంగా ఉంటే అనుమానించాలి. శంషాబాద్‌లో దిగే విమానమో, ఎండ తగిలి తళుక్కుమన్న ఉపగ్రహమో అయ్యుంటుంది.

ఫొటో నీలి గాజు పలక ద్వారా తీస్తే మంచిది. ఏయూ మైక్ లాంటి తార ఉపరితలం 3,700 డిగ్రీల ఎర్రటి కొలిమి. జ్వాల పదివేల డిగ్రీల దాకా వేడెక్కే నీలి మంట. ఎర్ర రంగులో చూస్తే తార వెలుగులో జ్వాల కలిసిపోతుంది. నీలంలో చూస్తే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. టెస్ టెలిస్కోపు చూసేది ఎక్కువగా ఎరుపు వైపే. గ్రహాల గాలిని చెరిపేది మాత్రం నీలానికి అవతలున్న అతినీలలోహితం. కాబట్టి టెస్ ఎరుపులో చూస్తున్న సమయానికే నేల మీద ఎవరో ఒకరు నీలంలో చూసిపెడితే గానీ ఆ జ్వాల అసలు బలం తెలియదు.

ఆ ఎవరో ఒకరు ఎక్కడుండాలి? సికింద్రాబాద్‌లో రాత్రి ఏడున్నరకు చిలీలో పట్టపగలు. దక్షిణాఫ్రికాలో ఇంకా పొద్దుగుంకలేదు. ఆస్ట్రేలియాలో మబ్బు పట్టిందనుకోండి, ఇక ఆ తారను చూడగల రాత్రి మన వైపే ఉంటుంది. హాన్లేలోని రెండు మీటర్ల చంద్ర టెలిస్కోపు, తమిళనాడు కావలూరులో వేణు బప్పు పేరు పెట్టిన 2.3 మీటర్ల టెలిస్కోపు ఉన్నది ఈ రేఖాంశాల్లోనే. డాబా మీది ఎనిమిదంగుళాల టెలిస్కోపూ అదే రాత్రిలో ఉంది. దానితో ఏయూ మైక్ గ్రహాన్ని పట్టడం కష్టం. గ్రహం అడ్డొచ్చినా తగ్గేది వెయ్యి వంతుల్లో రెండు మూడు వంతుల వెలుగే. యూవీ సెటి లాంటి మరుగుజ్జుల పెద్ద జ్వాలలు మాత్రం దానికీ చిక్కుతాయి. చిక్కు ఒకటే. వీధుల్లో పసుపు దీపాలు పోయి తెల్ల ఎల్‌ఈడీలు వచ్చాక ఆకాశంలో నీలి వెలుగు పెరిగింది. సరిగ్గా జ్వాలకు కావలసిన రంగులోనే మసక!

నిప్పు రాజేసే గ్రహం

ఇన్నాళ్లూ తారే దోషి, గ్రహం అమాయకురాలు. 2025 జులైలో వచ్చిన ఓ ఫలితం ఈ లెక్కను తారుమారు చేసింది. కోటీ డెబ్భై లక్షల ఏళ్ల వయసున్న హిప్ 67522 అనే తార చుట్టూ గురుడంత వెడల్పున్న గ్రహం ఏడు రోజులకోసారి తిరుగుతోంది. ఆ తార మీద 15 జ్వాలలను టెస్, యూరప్ వాళ్ల కియాప్స్ టెలిస్కోపులు పట్టుకున్నాయి. తేదీలు సరిచూస్తే, చాలా జ్వాలలు గ్రహం తార ముందుకు వచ్చిన వేళల దగ్గరే గుంపుగా ఉన్నాయి. తారకు మరీ దగ్గరగా తిరుగుతూ ఆ గ్రహం అయస్కాంత రేఖలను మీటుతోంది. ఆ అదురు తార దాకా పాకి అక్కడ జ్వాల లేపుతోంది. లేచిన జ్వాల తిరిగి గ్రహం మొహం మీదే పడుతోంది. మామూలుగా తగలాల్సిన జ్వాలల కన్నా ఆరు రెట్లు ఎక్కువ తింటోందని లెక్క. పదికోట్ల ఏళ్లలో ఉబ్బిన ఒళ్లంతా కరిగి నెప్ట్యూన్ అంతకు తగ్గిపోవచ్చట. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే!

ఒక్క తార దగ్గర పదిహేను జ్వాలలతో తేలిన సంగతి ఇది. మిగతా పసి తారల దగ్గరా ఇలాగే ఉందా అన్నది ఇప్పుడు వెతుకుతున్నారు. అందుకు ఏళ్ల తరబడి జ్వాలల తేదీలు, గంటలు, నిమిషాలు కావాలి. మళ్లీ అదే పని. కూర్చుని చూడటం, రాసుకోవడం. బేగంపేటలో పలకలు కొలిచినవాళ్లకు కొత్తగా అనిపించేది కాదు.

డాబా మీది చుక్క దగ్గరికి వస్తే, అక్టోబరు మొదటి వారంలో రాత్రి ఎనిమిదింటికి అది సరిగ్గా దక్షిణాన నిలబడుతుంది. ఎడమ పక్కన ఒంటరిగా మెరిసే ఫోమల్‌హాట్ గుర్తు. నెలాఖరుకు ఆరున్నరకే ఆ చోటికి వచ్చేసి, పదకొండు దాటేసరికి దిగిపోతుంది. టెలిస్కోపులో ఈ రాత్రి దాని జ్వాల కనిపిస్తే, అది 32 ఏళ్ల కిందట లేచింది. ఈ రాత్రి అక్కడ లేచే జ్వాల ఇక్కడికి చేరేసరికి, కింద బతుకమ్మ ఆడుతున్న ఏడో తరగతి పిల్లకు నలభై నాలుగేళ్లుంటాయి.